ఫుకెట్ అడవిలో జిప్‌లైన్: బరంపురం, రాయగడ, పర్లాకిమిడి వైపు కుటుంబాల కోసం

పాస్‌పోర్టుల సంగతి తరువాత. ముందు బరువు చూసుకునే మిషను బయటికి తీసి, వెళ్దామనుకుంటున్న ప్రతి ఒక్కరినీ దాని మీద నిలబెట్టండి. పేరు, వయసు, బరువు, ఒంట్లో ఉన్న జబ్బులు, వాడుతున్న మందులు ఒక కాగితం మీద రాసుకోండి. ప్రయాణంలో మిగతావన్నీ డబ్బుతోనో ఫోనుతోనో సర్దుకోవచ్చు. ఈ కాగితంలో ఉన్నది మాత్రం అప్పటికప్పుడు సర్దుకునేది కాదు. వేలకు వేలు పోసి, సముద్రం దాటి వెళ్లి, కౌంటరు దగ్గర అందరి ముందూ "మీరు ఎక్కడానికి వీల్లేదు" అనిపించుకోవడం ఏ మామగారికీ బాగుండదు.

జిప్‌లైన్ అంటే మిట్ట నుంచి పల్లానికి బిగించిన ఉక్కు తీగ, దాని మీద దొర్లే కప్పీ, ఆ కప్పీకి వేలాడే మనిషి. మోటారు ఉండదు. వాలే నడిపిస్తుంది. ఎక్కేవారందరూ భయపడేది మొదటి అడుగుకు. అసలు అడగవలసిన ప్రశ్న అవతలి కొస దగ్గర ఉంది: ఆగడం ఎలా? నిర్వాహకులు ఈ ప్రశ్నకు ఇచ్చే జవాబును బట్టే వారి దగ్గరికి వెళ్లాలా వద్దా అన్నది తేల్చుకోవచ్చు. ఆ సంగతి కొంచెం ముందుకు వెళ్లాక వివరంగా చెబుతాను.

ఇక్కడ థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ ద్వీపాన్ని తీసుకుంటున్నాను. విశాఖ మీదుగానో భువనేశ్వర్ మీదుగానో దక్షిణ ఒడిశాలోని మన జిల్లాల వారికి దారి తేలిక, పైగా అక్కడ సముద్రమూ అడవి కొండా పక్కపక్కనే ఉంటాయి. పేరున్న రెండు జిప్‌లైన్ల పేర్లలోనూ మన ఆంజనేయుడే ఉన్నాడు: కతు ప్రాంతంలో ఫ్లయింగ్ హనుమాన్, విచిత్ ప్రాంతంలో హనుమాన్ వరల్డ్. (థాయ్‌వారి రామకథలో హనుమంతుడికి సంసారం ఉంది. ఈ సంగతి ఇంట్లో పెద్దలకు తిరిగొచ్చాక చెప్పడం మంచిది.) రెండింటిలో ఏది మేలో నేను చెప్పను, కింది ప్రశ్నలు అడిగితే మీకే తెలుస్తుంది. మలేసియాలోని లంకావీకో బాలీకో మారిషస్‌కో వెళ్లేవారికీ వీసా, వానల సంగతి తప్ప మిగతా పద్ధతి ఇదే.

ఆ కాగితం ముందు పెట్టుకుని

బరువుకు పై హద్దు చాలా చోట్ల 120 కిలోల దగ్గర ఉంటుంది, కొన్నిచోట్ల ఇంకా తక్కువ. తీగ తెగుతుందని పెట్టిన హద్దు కాదిది. ఆ తీగ టన్నుల బరువు మోయగలదు. బరువైన మనిషిని గాలి అంతగా ఆపలేదు కాబట్టి అతడు వేగంగా వస్తాడు. అంత వేగాన్ని చివర బ్రేకు మింగాలి. నడుముకు, తొడలకు కట్టే పట్టీలు కూడా సరిపోవాలి.

కింది హద్దు గురించి ఎవరూ అడగరు. పాతిక కిలోల పిల్ల ఎదురుగాలిలో పొడవాటి తీగ మీద వెళ్తే అవతలికి చేరకముందే ఆగిపోవచ్చు. ప్రమాదమేమీ లేదు, గైడు వచ్చి లాక్కెళ్తాడు. కానీ చెట్ల మధ్య ఒంటరిగా వేలాడుతున్న పిల్లకు ఆ కాసేపు చాలా పెద్దది. అందుకే చిన్నవాళ్లను గైడుతో జతగా పంపుతారు. మీ పాపను జతగా పంపుతారా, ఒంటరిగా పంపుతారా అన్నది టికెట్ కొనేముందే తెలుసుకోండి.

గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవారు, వెన్నులో డిస్కు సమస్య ఉన్నవారు, మూర్ఛ వచ్చేవారు, ఈ మధ్యనే ఆపరేషన్ అయినవారు, తరచూ భుజం జారేవారు ఎక్కకూడదు. ఇందులో బతిమాలుకోవడానికి ఏమీ లేదు. బీపీ మాత్ర వేసుకునేవారు ఆ పూట మానకూడదు. చక్కెర వ్యాధికి మందులు వాడేవారు తిని ఎక్కాలి. ఆట మధ్యలో తినడానికి వీలుండదు కాబట్టి రెండు మూడు గంటలు ఆగగలిగేలా చూసుకోవాలి. కోరాపుట్, రాయగడ వైపు సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తకణాల జబ్బు) ఉన్న కుటుంబాలు కొత్త కాదు. ఒంట్లో నీరు తగ్గినా, బాగా అలసినా వారికి నొప్పులు తిరగబెట్టవచ్చు కాబట్టి డాక్టరు సరేనంటేనే బయలుదేరాలి, నీళ్ల సీసా వదలకూడదు.

ఎత్తు చూస్తే కాళ్లు వణికేవారి సంగతి ఇంటి దగ్గరే తేల్చుకోవచ్చు. విశాఖలో కైలాసగిరి మీద జిప్‌లైన్ పెట్టారు. ఫుకెట్ అడవిలోని వాటితో పోలిస్తే చిన్నదే. విశాఖలో చుట్టాలు లేని తెలుగు ఇల్లు మన వైపు ఉండదు కదా. ఏదో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు అందరినీ ఒకసారి ఎక్కించి చూడండి. అక్కడ దిగగానే "మళ్లీ ఎక్కుదామా" అన్నవారి పేరు కాగితం మీద ఉంచండి. ముఖం పాలిపోయినవారిని బలవంతపెట్టకండి. వారి డబ్బుతో మరో రోజు పడవ షికారు అవుతుంది.

నెల ఎంచుకోవడం

మన వైపు పెద్ద సెలవులంటే దసరా. ఒడిశా బడులకు పూజ సెలవులు, ఆఫీసులకూ సెలవులు, టికెట్ల మీద ఆఫర్లు. సరిగ్గా అప్పుడే ఫుకెట్‌లో వానలు జోరు మీద ఉంటాయి. అక్కడ నైరుతి గాలి వానలు మే నుంచి అక్టోబరు దాకా; సెప్టెంబరు, అక్టోబరు బాగా తడిసే నెలలు. వాన చినుకు పడినంత మాత్రాన జిప్‌లైన్ ఆపరు. ఉరుములు మెరుపులు వస్తే ఆపేస్తారు, ఆపాలి కూడా. అడవిలో ఎత్తుగా ఉన్న ఉక్కు తీగకు వేలాడడానికి అది సమయం కాదు. తీగ తడిస్తే చేతితో వేసే బ్రేకు పట్టు కూడా తగ్గుతుంది. తడి అడవిలో జలగలు ఉంటాయి.

నవంబరు చివరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా పొడి కాలం. డిసెంబరు చివర, జనవరి మొదట్లో గదుల ధరలు చుక్కలనంటుతాయి. సంక్రాంతి వెళ్లాక, జనవరి చివర నుంచి మార్చి లోపు దొరికితే అదే మంచి సమయం. పిల్లల పరీక్షలు అడ్డం వస్తే ఏప్రిల్ మొదటి వారం చూడండి. బరంపురం వారికి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర ఉన్న ఏడాది అయితే ఆ తేదీలు ముందు చూసుకోండి. యాత్ర రోజుల్లో ఊరు వదిలి వెళ్తానంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు.

దసరాకే వెళ్లక తప్పదంటే ఒక ఓదార్పు ఉంది. ఫుకెట్‌లో చైనీయుల తొమ్మిది రోజుల శాకాహార ఉత్సవం తరచుగా మన నవరాత్రుల్లోనే వస్తుంది. ఆ రోజుల్లో పసుపు జెండాలు కట్టిన దుకాణాల్లో మాంసం, చేపలు, గుడ్లు, పాలు, ఉల్లి, వెల్లుల్లి లేని భోజనం దొరుకుతుంది. నియమంగా ఉండేవారికి మిగతా ఏడాదిలో దొరకని సౌకర్యం. అయితే జిప్‌లైన్ కోసం ఒక రోజుకు బదులు మూడు రోజులు ఖాళీగా పెట్టుకోవాలి.

పేరు, పాస్‌పోర్టు, విమానం

పాస్‌పోర్టుకు 2018 నుంచి దేశంలో ఏ కేంద్రంలోనైనా దరఖాస్తు చేయవచ్చు. పర్లాకిమిడి, గుణుపురం వారికి విశాఖ అనువైతే అక్కడే ఇవ్వవచ్చు. పోలీసు విచారణ మాత్రం దరఖాస్తులో రాసిన చిరునామా ఉన్న ఠాణా నుంచి జరుగుతుంది. మన తెలుగువారికి ఇక్కడ అసలు తలనొప్పి ఇంటిపేరు. బడి రికార్డులో "అప్పలస్వామి కె.", ఆధార్‌లో "కె. అప్పలస్వామి", బ్యాంకు పుస్తకంలో "కొర్లాం అప్పలస్వామి". మూడూ ఒకే మనిషి అని మనకు తెలుసు, విమానాశ్రయంలో కంప్యూటర్‌కు తెలియదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు, అసలు పేరు ఏ గడిలో ఎలా ఉంటే విమానం టికెట్ మీద, బీమా కాగితం మీద, థాయ్ రాక కార్డులో (ఆ దేశంలో దిగేవారు నింపే ఫారం) అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. పాస్‌పోర్టు ఉన్నవారు గడువు చూసుకోండి. ప్రయాణం నాటికి ఇంకా ఆరు నెలలు మిగిలి ఉండాలి.

భారతీయులకు 2024 జూలై 15 నుంచి థాయ్‌లాండ్ 60 రోజుల వరకు వీసా లేకుండా అనుమతి ఇచ్చింది. ఇలాంటి నియమాలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే రోజున థాయ్ రాయబార కార్యాలయం ప్రకటన ఒకసారి చూడండి. 2025 మే 1 నుంచి రాక కార్డు ఆన్‌లైన్‌లో నింపడం తప్పనిసరి చేశారు. దిగడానికి ముందు మూడు రోజుల లోపు నింపాలి. దీనికి రుసుము లేదు. డబ్బు అడిగే వెబ్‌సైటు కనిపిస్తే అది థాయ్ ఇమ్మిగ్రేషన్ శాఖది కాదని వెంటనే మూసేయండి.

బరంపురం నుంచి భువనేశ్వర్ సుమారు 170 కిలోమీటర్లు, విశాఖ సుమారు 280. రెండూ హౌరా–చెన్నై రైలు మార్గం మీదే. రాయగడ, కోరాపుట్ వారికి విశాఖే దారి. రెండు నగరాల నుంచీ బ్యాంకాక్‌కు నేరు విమానాలు నడిచాయి. అవి ఏ సీజనులో నడుస్తున్నదీ చూసుకుని కొనండి. బ్యాంకాక్ నుంచి ఫుకెట్‌కు గంటన్నర లోపే.

బ్యాంకాక్‌లో రెండు విమానాశ్రయాలు ఉన్నాయి: సువర్ణభూమి, డాన్ మ్యూయాంగ్. మధ్యలో మహానగరం. ఒకదానిలో దిగి మరోదానిలో ఎక్కేలా టికెట్లు కొన్న కుటుంబం సామాన్లతో, నిద్రమత్తు పిల్లలతో పడే పాట్లు చెప్పనలవి కాదు. ఎయిర్ ఏషియా డాన్ మ్యూయాంగ్ వాడుతుంది, ఇండిగో సువర్ణభూమిలో దిగుతుంది. ఫుకెట్ టికెట్ కూడా దిగిన విమానాశ్రయం నుంచే కొనండి, వీలైతే రెండూ ఒకే బుకింగులో. అక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందు ఉంటుంది.

ఎవరి దగ్గర ఎక్కాలి

ఇక్కడ తొందరపడకండి. హోటల్ కౌంటరులో రంగుల కాగితం చూపించి కమీషను తీసుకునేవారికి బ్రేకు గురించి తెలియదు. నిర్వాహకులకే నేరుగా ఈమెయిలో వాట్సాప్ సందేశమో పంపండి. రాతలో వచ్చిన జవాబు తరువాత పనికొస్తుంది.

మొదటి ప్రశ్న: ఆగడం నా చేతిలో ఉందా, మీ చేతిలో ఉందా? జిప్‌లైన్లలో రెండు రకాలు ఉన్నాయి. పాత పద్ధతిలో ఎక్కిన మనిషే బ్రేకు వేసుకోవాలి. చేతికి మందపాటి తోలు తొడుగు ఇస్తారు. కప్పీకి వెనకవైపు తీగ మీద అరచేతిని నొక్కితే వేగం తగ్గుతుంది. ముందే నొక్కితే మధ్యలో ఆగిపోతారు, ఆలస్యమైతే అవతలి చెట్టు దగ్గరికి వేగంగా చేరతారు. కంగారులో చేయి కప్పీకి ముందువైపు పెడితే వేళ్లు కప్పీ కింద నలుగుతాయి. చురుకైన కుర్రవాళ్లకు ఇది సరదా. పదేళ్ల పిల్లకు, యాభై దాటిన అత్తయ్యకు నేనైతే దీన్ని ఒప్పుకోను.

రెండో పద్ధతిలో చివర స్ప్రింగులో, సాగే తాళ్లో, గైడు పట్టుకున్న తాడు కట్టిన దిమ్మో వేగాన్ని మింగుతుంది. మనం కాళ్లు ఎత్తి కూర్చుంటే చాలు. మీ గుంపులో పిల్లలు, పెద్దలు ఉంటే ఇదే అడగండి. "అవును, మా బ్రేకు అలాంటిదే" అంటే అక్కడితో ఊరుకోకండి. అది పని చేయకపోతే ఏమిటి? రెండో బ్రేకు ఉందా? సరైన చోట అత్యవసర బ్రేకు విడిగా ఉంటుంది, అది మనిషి ఏమీ చేయకపోయినా పని చేస్తుంది. ఈ ప్రశ్నకు రెండు వాక్యాల్లో స్పష్టంగా జవాబు చెప్పినవారు తమ పని తెలిసినవారు. "మా దగ్గర ఎప్పుడూ ఏమీ కాలేదు" అన్నది జవాబు కాదు.

తనిఖీ సంగతి అడగండి. ఇలాంటి ఆటలకు అమెరికాలో ఏసీసీటీ అనే సంఘం ప్రమాణాలు, యూరప్‌లో ఈఎన్ 15567 ప్రమాణం ఉన్నాయి. దేనిని పాటిస్తున్నారు, బయటి తనిఖీదారు చివరిసారి ఎప్పుడు వచ్చాడు, చెట్లను ఎవరు చూస్తారు? చెట్లు అని ఎందుకంటున్నానంటే, అడవిలో వేదికలు బతికున్న మాను మీద నిలబడతాయి. మాను ఏటా లావెక్కుతుంది. తీగను నేరుగా చుడితే బెరడు కోసుకుపోయి చెట్టు ఎండుతుంది. అందుకే మంచి నిర్మాణంలో మానుకు, తీగకు మధ్య చెక్క దిమ్మలు నిలువుగా పేర్చి ఉంటాయి. అక్కడికి వెళ్లాక మీరే చూడవచ్చు.

తరువాత గుంపు లెక్క. ముందు ఒక గైడు, వెనక ఒక గైడు తప్పనిసరి. ఎనిమిది పది మందికి మించిన గుంపు అయితే ప్రతి చెట్టు మీదా వరుసలో నిలబడడమే సరిపోతుంది. మధ్యలో మానుకోవాలనిపిస్తే ఏ వేదిక దగ్గర కిందికి దిగవచ్చో కూడా కనుక్కోండి. కొన్ని చోట్ల మూడో తీగ దాటాక వెనక్కి దారి ఉండదు.

ధరల కాగితం జాగ్రత్తగా చదవండి. "30 ప్లాట్‌ఫారాలు" అంటే 30 జిప్‌లైన్లు కాదు. ఊగే వంతెనలు, మెట్లు, తాడుతో కిందికి దింపే చోటు అన్నీ కలిపి లెక్క వేస్తారు. ఎన్ని తీగలు, అన్నింటికంటే పొడవైనది ఎంత అని అడగండి. ఫుకెట్‌లో ప్యాకేజీని బట్టి మనిషికి సుమారు వెయ్యి బాట్ల నుంచి మూడు వేల పైదాకా ఉంటుంది. ఒక బాట్ రెండున్నర, మూడు రూపాయల మధ్య అనుకుని లెక్క కట్టుకోండి. మొదటిసారి వెళ్లేవారికి అన్నింటికంటే పెద్ద ప్యాకేజీ అక్కర్లేదు. పది తీగల తరువాత చేతులు అలసిపోతాయి, ఉత్సాహం తగ్గుతుంది. హోటల్ నుంచి తీసుకెళ్లి దింపడం ఎక్కువ చోట్ల ధరలోనే ఉంటుంది. వాన పడి ఆపేస్తే డబ్బు తిరిగిస్తారా, మరో రోజుకు మారుస్తారా, మీరు భయపడి మానుకుంటే ఏమిటి అన్నవి వేర్వేరు ప్రశ్నలు. మూడూ అడగండి.

ప్రయాణ బీమా గురించి ఒక్క మాట. మామూలు ప్రయాణ బీమాలో "సాహస క్రీడలు వర్తించవు" అన్న వాక్యం చిన్న అక్షరాల్లో ఉంటుంది. జిప్‌లైన్ అందులోకే వస్తుంది. సాహస క్రీడలకు విడిగా అదనపు కవరు తీసుకుని, పాలసీలో జిప్‌లైన్ అన్న మాట ఉందో లేదో చూడండి. నిర్వాహకులు ఇచ్చే బీమా ఎంతవరకు ఉంటుందో కూడా అడగండి. స్కూటరు అద్దెకు తీసుకునే ఆలోచన ఉంటే, సరైన లైసెన్సు లేకుండా పడితే బీమా పైసా ఇవ్వదని ఇంట్లో కుర్రవాళ్లకు ముందే చెప్పండి. ఫుకెట్ కొండ మలుపుల మీద అద్దె స్కూటరుతో పోలిస్తే నాకు జిప్‌లైనే నయమనిపిస్తుంది.

ఏ రోజు

దిగిన రోజు వద్దు. రాత్రి విమానం, నిద్ర లేదు, కడుపు సరిగా ఉండదు. వెళ్లే ముందు రోజు కూడా వద్దు, వాన పడితే మార్చుకోవడానికి రోజు మిగలదు. రెండో రోజు ఉదయం మొదటి బ్యాచ్ అన్నిటికంటే మంచిది: ఎండ తక్కువ, గైడ్లు తాజాగా ఉంటారు, మధ్యాహ్నం వానలకు ముందే పని అయిపోతుంది.

ఫీఫీ దీవులకు పడవ ప్రయాణం జిప్‌లైన్ తరువాతే పెట్టుకోండి. ముందు పెట్టుకుంటే ఏమవుతుందంటే, సముద్రం మీద ఒక పగలు గడిపిన భుజాలు కమిలి మండుతుంటాయి. మరుసటి రోజు వాటి మీదే పట్టీలు బిగిస్తారు. స్పీడుబోటు అలల మీద ఎగిరి పడి నడుము పట్టేసినా అంతే. ముందు రాత్రి మందు తాగినవారిని ఎక్కించరు. వాసన వస్తే వెనక్కి పంపుతారు, డబ్బూ రాదు.

ఎక్కనివారిని ఎండలో కౌంటరు ముందు కూర్చోబెట్టకండి. కతులో తగరం గనుల మ్యూజియం ఉంది. ఫుకెట్ సంపద అంతా ఒకప్పుడు తగరం మీద వచ్చిందే. తాతగారికి అది, అమ్మమ్మకు పాత ఫుకెట్ పట్టణంలో రంగురంగుల ఇళ్ల వీధి. గ్రాబ్ యాప్‌లో కారు దొరుకుతుంది.

ఒంటి మీద ఏమి ఉండాలి

చీర, పంచె, లుంగీ, గౌను పనికిరావు; తొడల చుట్టూ పట్టీ వస్తుంది. మోకాళ్ల కిందిదాకా ఉండే ప్యాంటు, భుజాలు కప్పే చొక్కా వేసుకోండి. పొట్టి నిక్కరు వేసుకుంటే పట్టీ ఒరిపిడికి తొడ చర్మం లేస్తుంది. పంజాబీ డ్రెస్సు అయితే చున్నీ గదిలోనే వదిలేయండి. బూట్లు వేళ్లు కప్పేవి, వెనక పట్టీ ఉన్నవి కావాలి. చెప్పు జారి అడవిలో పడితే అది అడవిదే.

జడ విప్పి వదలకూడదు. వెంట్రుకలు కప్పీలోకి వెళ్తే చాలా ప్రమాదం. జడను చుట్టి హెల్మెట్ కిందికి, లేదా చొక్కా లోపలికి దోపాలి. జుంకాలు, ఉంగరాలు, గాజులు హోటల్ లాకరులో పెట్టండి. మంగళసూత్రం దగ్గర ప్రతి ఇంట్లో చర్చ వస్తుంది. తీయడానికి ఇష్టపడితే సరే. ఇష్టం లేనివారు దాన్ని చొక్కా లోపలికి వేసి, ఛాతీ పట్టీ కిందికి రాకుండా చర్మానికి మెడికల్ టేపుతో అంటించుకోవచ్చు. గైడుకు మాత్రం ముందే చూపించండి, కాదంటే వినండి. కళ్లద్దాలకు వెనక తాడు కట్టండి. దోమల మందు రాసుకోండి. థాయ్‌లాండ్‌లో డెంగ్యూ ఉంది.

ఫోను జేబులో వద్దు. చేతిలో అసలే వద్దు.

చెట్టు మీద

కింద పట్టీలు బిగించాక గైడు మీ నడుము దగ్గర వేలు దూర్చి చూస్తాడు. రెండు వేళ్లు పట్టేంత ఖాళీ ఉంటే సరి, పిడికిలి పడితే వదులు. ఆయన చూశాడు కదా అని ఊరుకోకుండా మీ పిల్లల పట్టీలు మీరూ చూడండి. తరువాత ఒక చిన్న తీగ మీద నేలకు దగ్గరగా సాధన చేయిస్తారు. అది చేయించకుండా నేరుగా పైకి తీసుకెళ్లే చోట నేనైతే అక్కడికక్కడే వెనక్కి తిరుగుతాను.

వేదిక మీద గమనించవలసింది ఒకటుంది. మీ నడుము నుంచి రెండు తాళ్లు వేలాడుతుంటాయి, ఒక్కొక్కదాని చివర ఒక కొక్కెం. మెట్లు ఎక్కినప్పటి నుంచి దిగేదాకా ఆ రెండింటిలో ఒకటి ఎప్పుడూ దేనికో ఒకదానికి తగిలి ఉండాలి. గైడు మొదటి కొక్కాన్ని మాను చుట్టూ ఉన్న తీగ నుంచి తీసి పై తీగకు తగిలిస్తాడు, మూతి బిగిస్తాడు, లాగి చూస్తాడు; ఆ తరువాతే రెండో కొక్కాన్ని ముట్టుకుంటాడు. రెండూ ఒకేసారి చేతిలోకి తీసుకున్నాడంటే "స్టాప్" అనండి. మొహమాటపడకండి. మంచి గైడు నవ్వి మళ్లీ చూపిస్తాడు. కొక్కాలను మీరు మాత్రం ఎన్నడూ విప్పకండి, అవతల అంచుకు చేరాక కూడా.

బయలుదేరేటప్పుడు దూకవద్దు. వెనక్కి కూర్చోవాలి, పట్టీ మీ బరువు తీసుకోవాలి, అప్పుడు కాళ్లు వదలాలి. మోకాళ్లు ఛాతీ వైపు లాక్కుని, చేతులు గైడు చెప్పిన చోట మాత్రమే ఉంచితే గిరగిరా తిరగకుండా వెళ్తారు. ఆగే చోటికి వచ్చేటప్పుడు కాళ్లు ముందుకు ఎత్తండి. కింద పెడితే వేదిక అంచుకు కొట్టుకునేది మోకాలి చిప్పే.

మధ్యలో ఆగిపోతే కంగారు పడకుండా వచ్చిన వైపుకు ముఖం తిప్పి, తీగను రెండు చేతులతో పట్టుకుని చేయి మీద చేయి వేసుకుంటూ అవతలి కొస వైపు లాక్కోవాలి. చేతగాకపోతే అలాగే కూర్చోండి, గైడు వస్తాడు. అయితే ఊరికే వేలాడకండి, కాళ్లు ఆడిస్తూ ఉండండి. పట్టీలో కదలకుండా చాలాసేపు వేలాడితే రక్తం కాళ్లలో నిలిచిపోయి కళ్లు తిరుగుతాయి.

గైడ్లు మాట్లాడేది థాయ్ యాసలో ఇంగ్లీషు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా తప్ప మరోటి అలవాటు లేని పెద్దలకు ఐదు మాటలు ముందే నేర్పండి: సిట్, లెగ్స్ అప్, బ్రేక్, స్టాప్, వెయిట్. వాటికి చేతి సైగలు ఏమిటో సాధన తీగ దగ్గరే అడిగి చూపించండి. మొదట మీరు వెళ్లి అవతల నిలబడండి, వెనక మరో పెద్దవారు ఉండాలి. పిల్లలు మధ్యలో. "నాన్నా, కాళ్లు పైకి!" అని అవతలి నుంచి తెలుగులో అరిచే గొంతు ఉంటే పిల్లవాడికి ఐదు మాటల అవసరం కూడా ఉండదు.

వరుసలో వేచి ఉన్నప్పుడు గైడును చెట్ల గురించి అడగండి. ఫుకెట్ కొండల్లో చాలా భాగం రబ్బరు తోటలే. మిగిలిన పాత అడవి ద్వీపం ఉత్తరాన ఖావో ఫ్రా థేవ్ అభయారణ్యంలో ఉంది. అక్కడ ఆకు అడుగు వెండిలా మెరిసే ఒక జాతి తాటి మొక్క పెరుగుతుంది, దక్షిణ థాయ్‌లాండ్‌లో తప్ప సహజంగా మరెక్కడా పెరగదు. మహేంద్రగిరి అడవులు చూసినవారికి దాన్ని చూపిస్తే నచ్చుతుంది. బాంగ్ పే జలపాతానికి నడిచే దారి అందులోంచే. మరో రోజు ఉదయం పెట్టుకోవచ్చు.

దిగాక

తొడల మీద, భుజాల మీద నల్లటి కమిలిన గుర్తులు వస్తాయి. మామూలే. తల తిరగడం, మెడ నొప్పి, వేళ్లు మొద్దుబారడం ఉంటే ఊరుకోకుండా అక్కడే చెప్పి, వారి రిజిస్టరులో రాయించి, డాక్టరుకు చూపించండి. అంబులెన్సుకు 1669, పర్యాటక పోలీసుకు 1155. ఆసుపత్రి బిల్లు, డాక్టరు రాసిన కాగితం, నిర్వాహకుల రాత మూడూ లేకపోతే తిరిగొచ్చాక బీమా సంస్థ ముందు చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. బీమా వారి అత్యవసర నంబరుకు ఆసుపత్రిలో చేరేముందే ఫోను చేయాలి. చేరాక చేస్తే నగదు లేకుండా వైద్యం కుదరకపోవచ్చు.

గైడుకు వంద బాట్లు చేతిలో పెట్టడం అక్కడ సంతోషంగా తీసుకునే మర్యాద, తప్పనిసరి కాదు.

ఫొటోలు అమ్మే గదిలోంచి బయటికి పంపుతారు. మొత్తం కుటుంబానికి ఒకే ధర చెప్పమని అడిగితే మనిషికింత అన్న లెక్క తగ్గుతుంది. కొనేముందు తెర మీద ప్రతి ఫొటో పెద్దది చేసి చూడండి. హెల్మెట్ నీడలో ముఖం నల్లగా పడినవాటికి డబ్బు ఇవ్వనక్కరలేదు.